పాఠ్యపథకము వ్రాయునది ఎవరు?

ఉపాధ్యాయశిక్షణ పొందినవారెవ్వరును రికార్డులను మరువజాలరు. గట్టి అట్టలు, గీతలు గీసిన అంచులు, రంగుసిరాలతో దిద్దిన శీర్షికలు, పరీక్షాధికారి రాకకు ముందటి రాత్రి హాస్టలు గదిలో ఆరని దీపము, ఇవన్నియు ఆ చదువులో పాఠ్యగ్రంథములకన్న ఎక్కువగా జ్ఞాపకముండునవి. పోయిన యేటి విద్యార్థి రికార్డును ఎదుట పెట్టుకొని, తేదీని, పాఠశాల పేరును మార్చి, తక్కినదంతయు అక్షరము పొల్లుపోకుండ ఎక్కించుట రహస్యమేమియు కాదు. గురువులకును ఆ సంగతి తెలియును. వారిలో పలువురు ఒకప్పుడు ఆ పని చేసినవారే.

ఇప్పుడు పోయిన యేటి రికార్డుతో పనిలేకపోయినది. చేతిలోని ఫోనునందు “ఏడవ తరగతి, భిన్నములు, నలుబది నిమిషముల పాఠము, పాఠ్యపథకము కావలయును” అని అడిగినంతనే, కాఫీ చల్లారకమునుపే, లక్ష్యములు, బోధనోపకరణములు, సోపానములు, మూల్యాంకన ప్రశ్నలు, ఇంటిపని వరుసగా వచ్చి నిలుచును. ఒక సాయంకాలమంతయు పట్టిన పని నిమిషములలో ముగియుచున్నది. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము పట్టణములలో బి.ఇడి. చదువు యువతీయువకులకు ఇది ఇప్పుడొక వింత కాదు.

ఈ పని చేయు యంత్రమునకు తెలుగువారు ‘కృత్రిమ మేధ’ అని పేరు పెట్టుకొనిరి. ఆంగ్లమున ఆ పేరు పుట్టినది 1955లో. జాన్ మెకార్థీ మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు, మరుసటి వేసవిని అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరుపదలచిన సమావేశమునకై వ్రాసిన విజ్ఞాపనమున దానిని వాడిరి. అటుపిమ్మట అరువది యేండ్లకు పైగా అది ప్రయోగశాలల మాటగానే యుండెను. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ జనులకు అందుబాటులోనికి వచ్చినది. ఆపై రెండు మూడేండ్లలో అది గోదావరి పాయల నడుమనున్న లంకగ్రామములకు సైతము చేరినది.

గోదావరి సీమకు ఉపాధ్యాయశిక్షణ నిన్నటి మాట కాదు. 1874లో కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల తెరచినారు. ఆ శతాబ్ది ముగియకమునుపే రాజమహేంద్రవరమున ప్రభుత్వ శిక్షణ కళాశాల వెలసినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లాకొక శిక్షణసంస్థ ఏర్పడగా, తూర్పున బొమ్మూరు, పశ్చిమమున దూబచర్ల ప్రాథమికోపాధ్యాయులను తయారుచేయు స్థలములైనవి. 2015 నుండి బి.ఇడి. చదువు రెండేండ్లది, అందులో కొన్ని నెలలు ఛాత్రోపాధ్యాయులు పల్లెబడులకు పోయి నిజమైన పిల్లలకు నిజమైన పాఠములు చెప్పవలయును. రికార్డునకును తరగతికిని గల దూరము వారికి తెలిసివచ్చునది అక్కడనే.

బోధకులు కాబోవు వీరు ఈ కొత్త యంత్రమును ఏ కంటితో చూచుచున్నారు? ఇది తెలిసికొనుటకు దేశదేశములలో ప్రశ్నావళులు పంచుచున్నారు. 1932లో రెన్సిస్ లికర్ట్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు కట్టిన అయిదు మెట్ల నిచ్చెన, ‘పూర్తిగా అంగీకరింతును’ మొదలు ‘ఏమాత్రము అంగీకరింపను’ వరకు, ఎం.ఇడి. విద్యార్థులకు కంఠతా వచ్చినదే. ఆ నిచ్చెనపై ఛాత్రోపాధ్యాయులను నిలిపినప్పుడు పలుదేశములలో ఇంచుమించు ఒకే తీరు కనబడుచున్నది. యంత్రము ఉపయోగకరమని మెచ్చుకొందురు. మరుక్షణమే నిజాయితీ యేమగునో, తమ ఆలోచన మొద్దువారునేమో, పిల్లల వివరములు ఎవరి చేత పడునో యని సంశయింతురు. ఉపయోగమున్నదని, వాడుట సులువని తోచినప్పుడే మనుష్యుడొక యంత్రమును చేపట్టునని 1989లో ఫ్రెడ్ డేవిస్ అను పండితుడు సిద్ధాంతీకరించెను. సరియే. కాని ప్రశ్నావళి సాధారణముగా అడుగని ప్రశ్న యొకటి యున్నది: దేనికి ఉపయోగము?

యంత్రము ఉపాధ్యాయుని కొలువును హరించునను మాట పత్రికలలో తరచుగా వినబడును. ఇక్కడి ఛాత్రోపాధ్యాయునికి ఆ భయము అంతగా లేదు. అతని భయము డి.ఎస్.సి. 2018 నాటి డి.ఎస్.సి. పిమ్మట మరియొకటి పూర్తియగుటకు 2025 వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ యేడు ప్రకటించిన ఉద్యోగములు 16,347. వయసు మీరిపోవుచుండగా ప్రైవేటు బడిలో కొద్దిపాటి జీతమునకు పనిచేయుచు, రాత్రులు వస్తునిష్ఠ ప్రశ్నలు వల్లెవేయువానికి, అడిగిన ప్రశ్నకు విసుగులేక బదులు చెప్పు యంత్రము శత్రువుగా కనబడదు. కోచింగు రుసుము లేని మేష్టారుగా కనబడును. ఈ దృష్టిని తప్పుపట్టుట సుఖముగా జీతము తీసికొనువారికి తగదు.

ఇంకొక సంగతి. పదవ తరగతి వరకు తెలుగుమాధ్యమమున చదివి, ఇప్పుడు ఆంగ్లమాధ్యమపు తరగతిలో నిలువవలసి వచ్చిన పల్లెటూరి పిల్ల సంకోచము ఆలోచింపదగినది. ఆంధ్రప్రదేశమున 2020 తరువాత వచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లము. పుస్తకము రెండు భాషలలో నున్నను, నోరు ఒక భాషకే అలవాటుపడి యున్నది. తోటివారి ముందు ఒక ఆంగ్లవాక్యమును తప్పుగా పలికి నవ్వులపాలగుటకన్న, గదిలో కూర్చుండి ఫోనులోని యంత్రమును పదిమారులడిగి దిద్దుకొనుట ఆమెకు గౌరవప్రదముగా తోచును. యంత్రము నవ్వదు. ఈ ఒక్క గుణమున అది పెక్కుమంది గురువులకన్న మేలైనదని ఒప్పుకొనక తప్పదు.

అయినను వాడినవారు వాడితిమని బయటకు చెప్పరు. సీనియరు రికార్డును చూచి వ్రాసినానని నవ్వుచు ఒప్పుకొను విద్యార్థియే, యంత్రము వ్రాసిపెట్టినదనుటకు తడబడును. రెండును ఎరువు సరకే కదా! తెలివిగలవారు యంత్రమిచ్చిన పథకమును తమ చేతివ్రాతతో ఎక్కించుచున్నారు. పాత పనిలో మారినది మూలప్రతి మాత్రమే.

యంత్రము పాఠ్యపథకమును అంత సులువుగా వ్రాయుటకు కారణము దాని గొప్పతనమే కాదు. పాఠ్యపథకమే చాలకాలము క్రిందట ఒక అచ్చులో పడిపోయినది. హెర్బార్ట్ అను జర్మను తత్త్వవేత్త (1776–1841) పిల్లవాని మనస్సులో కొత్త భావము పాతభావములతో ఎట్లు కలియునో విచారించెను. అతని శిష్యులు ఆ విచారమును అయిదు సోపానములుగా బిగించిరి. సన్నాహము, ప్రదర్శనము, సంసర్గము, సాధారణీకరణము, అన్వయము: ఈ మెట్లు సముద్రములు దాటి మన శిక్షణ కళాశాలలకు వచ్చి, తరువాత ఎన్ని పేర్లు మారినను, రికార్డులలో నేటికిని వేరు వేషములతో నిలిచియున్నవి. ఎవరు వ్రాసినను ఒక్క తీరుగా నుండవలసిన దానిని యంత్రము వ్రాయుటలో ఆశ్చర్యమేమి?

ఆ రికార్డులలో ఒక వింత కలదు. పుటను నిలువుగా రెండుగా విభజించి, ఒకవైపు ఉపాధ్యాయుని కృత్యము, రెండవవైపు విద్యార్థుల కృత్యము వ్రాయుదురు. ఉపాధ్యాయుడు అడుగు ప్రశ్న ఎడమవైపున. విద్యార్థి చెప్పబోవు జవాబు, పాఠము జరుగకమునుపే, కుడివైపున. ఆ కుడివైపు పిల్లవాడు ఎన్నడును తప్పు చెప్పడు. మౌనముగా నుండడు. కిటికీలోనుండి చూడడు. వాని తెలివి అపారము. ఏండ్ల తరబడి సీనియర్ల రికార్డులలో బ్రతికిన ఆ పిల్లవాడే ఇప్పుడు యంత్రము వ్రాసిన పథకములలోనికి నడచివచ్చినాడు.

నిజమైన తరగతిలోనికి పోదము. భిన్నముల పాఠము. ఛాత్రోపాధ్యాయుడు నల్లబల్లపై 1/3, 1/4 అని వ్రాసి, వీనిలో ఏది పెద్దదని యడుగును. రికార్డు ప్రకారము పిల్లలందరును ‘1/3’ అనవలయును. నాలుగవ వరుసలోని పిల్లవాడు లేచి, “మూడు కన్నా నాలుగు పెద్దది కదండీ! అందుకని 1/4 పెద్దదండీ” అనును. వాడు వెర్రివాడు కాడు. అంతవరకు నేర్చిన అంకెల ధర్మమును కొత్తచోట వర్తింపజేసినాడు. హెర్బార్ట్ చెప్పిన ‘పాతభావము’ ఇదియే! రాజమహేంద్రవరమున గణితోపాధ్యాయుడుగా పనిచేసిన హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావు గారికి ఇట్టి జవాబులు ఎన్ని వినబడియుండునో!

ఆ క్షణమున ఛాత్రోపాధ్యాయుడు ఏమి చేయును? పథకమును తానే కష్టపడి వ్రాసికొన్నవాడైనచో, ఆ ప్రశ్న దగ్గర కలము ఒక నిమిషమైనను ఆగియుండును. “నాలుగు పెద్దదని ఎవడైనను అనునేమో, అప్పుడొక జీళ్ళ ముక్కను ముగ్గురికి పంచిన ఎంత వచ్చును, నలుగురికి పంచిన ఎంత వచ్చునని అడుగవలయును” అని తోచియుండును. పథకము వ్రాయుటలోని ఫలమంతయు ఆ కలము ఆగిన నిమిషముననే కలదు. రికార్డు కేవలము ఆ నిమిషమునకు సాక్ష్యము. సీనియరును చూచి ఎక్కించినవానికి ఆ నిమిషము అప్పుడును లేదు. యంత్రమునడిగినవానికి ఇప్పుడును లేదు. కావున యంత్రమే విద్యను చెరచినదనుట అన్యాయము. ముందే మూయబడియున్న తలుపునకు అది గొళ్ళెము పెట్టినదనుట న్యాయము.

యంత్రము పక్షమున చెప్పదగిన మాట కూడ కలదు. “ఈ పాఠములో పిల్లలు పడు తప్పులేవి?” అని దానినే యడిగినచో, నాలుగు పెద్దదను పొరపాటును అది మొదటి వరుసలోనే చెప్పును. ప్రపంచమున ఎందరో గురువులు గమనించి వ్రాసినది అది చదివియున్నది. కొత్తగా బోధనకు దిగువానికి అది గొప్ప సాయమే. అయితే ఆ ప్రశ్న అడుగవలయునని ముందుగా తోచవలయును గదా! పథకము నడుగువారు పెక్కురు, తప్పుల నడుగువారు కొందరే. వైఖరి యని పండితులు కొలుచుచున్నది నిజముగా కొలువవలసినచోటు ఇది.

1984లో బెంజమిన్ బ్లూమ్ అను విద్యావేత్త, ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క గురువుండి చదువు చెప్పినచో వాని ఫలితము సాధారణ తరగతికన్న ఎంతయో మిన్నగా నుండునని ప్రకటించి, అట్టి మేలును సామూహిక బోధనలో సాధించుట యెట్లని లోకమునడిగెను. ఆతడు చూపినంత లాభము తరువాతి పరిశోధనలలో కనబడలేదు. అయినను పిల్లవానికొక గురువను కల యంత్రముతో పండునని ఈనాడు పలువురు చెప్పుచున్నారు. దీనికి పూర్వకథ యొకటి కలదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అను పేర, మన మాటను తిరుగవేసి మనలనే ప్రశ్నించు చిన్న ప్రోగ్రామును వెలువరించెను. అందులో తెలివి యేమియు లేదని ఎరిగిన అతని కార్యదర్శినియే, కొంతసేపు దానితో సంభాషించిన పిదప, తమను ఏకాంతముగా విడిచి గదినుండి పొమ్మని అతనిని కోరినదట! మాట తిరిగివచ్చినంతనే అవతల అర్థము చేసికొను హృదయమున్నదని నమ్ముట మనుష్యస్వభావము. ఉపాధ్యాయుడు కాబోవువానికి ఇది బాగుగా తెలిసియుండవలయును. ఏలయన వాని వృత్తి అంతయు అవతలివానికి అర్థమైనదా లేదా యని కనిపెట్టుటయే.

ఇక భాష సంగతి. యంత్రము కోట్లకొలది పుటలను మింగి, ఒక మాట వెనుక ఏ మాట వచ్చునో అంచనా కట్టుచు వాక్యములల్లును. 2011 జనాభా లెక్కలనాటికి తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైచిలుకు. కాని అంతర్జాలమునగల వ్రాతలో తెలుగు పాలు వందలో ఒక వంతుకన్న మిక్కిలి తక్కువ. అందులోను గోదావరి గట్టుమీద మాటాడు తెలుగు వ్రాతకెక్కినది ఇంకను స్వల్పము. కావున యంత్రపు తెలుగు తప్పులు లేని చోట్ల సైతము ఏ ఊరిదియు కానిదిగా వినబడును.

పంటల పాఠమునే చూడుడు. యంత్రమునడిగిన ఖరీఫ్, రబీ యని చెప్పును. “రైతులు వర్షములకై ఎదురుచూతురు” అనును. దేశమున చాలచోట్ల అది సత్యమే. డెల్టా పిల్లవానికి మాత్రము సార్వా, దాళ్వా తెలియును. ఆకుమడి, ఊడుపులు, బోదె, లాకు తెలియును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన నాటినుండి వాని తాతముత్తాతలు ఎదురుచూచినది ఆకాశమునకన్న ఎక్కువగా కాలువకు. “వర్షం కాదండీ, కాలువ వదలాలండీ!” అని వాడనినచో, యంత్రపు పథకమును నమ్మి వచ్చిన ఛాత్రోపాధ్యాయుడు వానిని కూర్చుండబెట్టును. పాఠము అక్కడనే చచ్చిపోవును. ధాన్యము లెక్కయును అంతే. ఈ సీమలో బస్తా యనిన 75 కిలోలు. యంత్రము తనకు తోచిన తూకము వేసి లెక్క కల్పించును. కూడిక సరిగానే యుండును, కళ్ళము మాత్రము ఎక్కడనో పరాయిది.

ఈ బాధ యంత్రముతో పుట్టినది కాదు. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్ దొర తెలుగు నేర్చుకొనుచు, జనులు మాటాడునది యొకటి, పుస్తకమున నుండునది వేరొకటి యేలయని సందేహించెను. ఆ సందేహమును గిడుగు రామమూర్తి పంతులు గారు చేపట్టి జీవితాంతము విడువలేదు. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమును స్థాపించినప్పుడు వృద్ధుడైన వీరేశలింగము దానికి అధ్యక్షుడాయెను. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, రామమూర్తి గారు ఆ యూరు విడిచి వచ్చి నివసించినది ఈ రాజమహేంద్రవరముననే. నాడు ఆయనతో పోరాడిన గ్రాంథికమున వ్రాయువారు సైతము నేడు ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నారు; కాలము చేయు చమత్కారమిది.

రామమూర్తి గారి జీవితమున ఛాత్రోపాధ్యాయులు ముఖ్యముగా చూడదగినది ఆ వాదప్రతివాదములు కాదు. ఆయన సవర భాషను నేర్చుకొన్న తీరు. దానికి లిపి లేదు, పుస్తకము లేదు. తెలిసినవానిని ఇంట పెట్టుకొని, వాని నోటివెంట వచ్చినది విని, వ్రాసికొని, మరల వినిపించి, దిద్దుకొని నేర్చిరి. పిమ్మట సవర పిల్లలకు వాచకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టిరి. 1931లో సవర భాషా వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడుటకు వెనుక నున్నది దశాబ్దముల వినికిడి.

రంపచోడవరము మన్యమునకు బోధనాభ్యాసమునకై పోవు యువకునికి ఈ కథ వట్టి చరిత్ర కాదు. అక్కడి తరగతిలో కోయపిల్లలుందురు. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, సవర, కువి మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో చిన్నతరగతుల బోధన నారంభించినది. ఆ పుస్తకములు కొద్ది. ఆ భాషలలో అంతర్జాలమున వ్రాత ఇంకను కొద్ది. కోయపిల్ల అన్న మాటకు అర్థమేమని యంత్రమునడిగినచో అది తెలియదనుటకు బదులు ఏదో యొకటి ధీమాగా చెప్పవచ్చును. ఆ ధీమా ప్రమాదకరము. పక్క బెంచీలోని కోయపిల్లవానినే యడిగినచో వాడు నవ్వుచు నిజము చెప్పును.

కాలము ఆగదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినది. 2023 సెప్టెంబరులో యునెస్కో, ఇట్టి యంత్రములను తరగతిలో వాడుటకు పదమూడేండ్ల కనీసవయస్సుండవలెనని సూచించినది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ, 2026–27 నుండి మూడవ తరగతి మొదలుకొని కృత్రిమ మేధను పాఠ్యాంశముగా చేర్పనున్నట్లు ప్రకటించినది. అనగా, ఈనాడు రికార్డును యంత్రముచేత వ్రాయించుకొనుచున్న ఛాత్రోపాధ్యాయుడే, రేపు ఎనిమిదేండ్ల పిల్లకు ఆ యంత్రమును ఎంతవరకు నమ్మవలయునో చెప్పవలసియున్నది.

శిక్షణ కళాశాలలలో దీనికి నిషేధమే మందని కొందరు, సంపూర్ణ స్వాగతమే మేలని కొందరు వాదించుచున్నారు. నిషేధము చేతివ్రాతను రక్షించును గాని ఆలోచనను రక్షింపదు; చేతితో ఎక్కించిన వెనుకటి రికార్డులే సాక్షి. స్వాగతము చెప్పువారు వైవా పరీక్షను మరచుచున్నారు. “ఈ ప్రశ్న తరువాత ఈ ప్రశ్ననే యేల అడిగితివి?” అని పరీక్షాధికారి యొక్కమారు అడిగిన చాలును, పథకము ఎవరిదో తేలిపోవును. అడుగువారుండవలయును, అంతే. మార్కుల పట్టికలో రికార్డు అట్టకు, అంచులకు ఇచ్చు విలువను ఈ ఒక్క ప్రశ్నకు మరల్చుటకు ఏ ప్రభుత్వపుటుత్తరువు అక్కరలేదు.

మరియొక చిన్న మార్పు చేయవచ్చును. రెండుగా చీల్చిన ఆ రికార్డు పుటలో మూడవ గీత గీయుట. పథకము ఎవరు వ్రాసినను సరే, సీనియరో, యంత్రమో, తానో; పాఠము ముగిసి గంట కొట్టినపిమ్మట, ఛాత్రోపాధ్యాయుడు ఇంకను సుద్దముక్క పొడి చేతులతోనే కూర్చుండి, ఆ ఖాళీచోట పిల్లలు నిజముగా అన్నమాటలను వారి మాటలలోనే వ్రాయవలయును. అట్టి పుట యొకటి ఇట్లుండును. ఎడమవైపు ప్రశ్న: ఈ రెండింటిలో ఏది పెద్దది? నడుమ, ముందే వ్రాసిన జవాబు: 1/3. కుడివైపు, తొందరగా గీకిన అక్షరములలో: “నాలుగు పెద్దది కదండీ.” దాని క్రింద: “జీళ్ళ ముక్క తెస్తే చెప్తానండీ.” ఇంకను క్రింద, ఛాత్రోపాధ్యాయుడు తనకై వ్రాసికొన్నది: రేపు జీళ్ళు తేవలెను.